కాంకే దాకా

మన దేశంలో ప్రతి ప్రాంతానికీ తిట్టుకు పనికివచ్చే ఊరి పేరు ఒకటి ఉంటుంది. హైదరాబాదులో ఎవరైనా అసందర్భంగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. విశాఖపట్నంలో అదే మాట చినవాల్తేరు పేరుతో వినిపిస్తుంది. చెన్నై వారికి కీల్పాక్, ఉత్తరాది వారికి ఆగ్రా, తూర్పు రాష్ట్రాల వారికి రాంచీ. లక్షలాది జనం కాపురాలు చేసుకుంటూ, పిల్లలను చదివించుకుంటూ ఉన్న ఊళ్ళు ఇవి. అయినా బయటివారి నాలుక మీద మాత్రం పిచ్చాసుపత్రి చిరునామాలుగా స్థిరపడిపోయాయి. గత శీతకాలంలో శిక్షణ నిమిత్తమై వారం రోజులు రాంచీలో ఉండే అవకాశం నాకు లభించింది. ఉత్తర్వు అందిన నాడు మా విభాగంలో పుట్టిన హాస్యాన్ని పాఠకులు ఊహించుకోగలరు.

ఆలప్పుళ నుండి ధన్‌బాద్ పోయే ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం వద్ద ఎక్కాను. దీనిని ఇప్పటికీ చాలామంది బొకారో ఎక్స్‌ప్రెస్ అనే పిలుస్తారు. విజయనగరం, పార్వతీపురం దాటి రాయగడ సమీపించేసరికి తూర్పు కనుమలు రెండు వైపులా దగ్గరకు వస్తాయి. ఆ కొండల సౌందర్యాన్ని గురించి ఎందరో వ్రాశారు గనుక నేను విరమిస్తాను. ఈ బండికి మరొక విశేషం ఉంది. జార్ఖండ్ ప్రజలకు ఇది వెల్లూరు వైద్యశాలకు దారి. కాట్పాడిలో దిగి చికిత్స చేయించుకుని, అదే బండిలో తిరిగి వస్తారు. పెట్టెలో ఎక్స్‌రే కవర్లు లేని బెర్తు కనిపించడం అరుదు.

నా ఎదుట కూర్చున్న కుటుంబం కూడా అలాగే వెల్లూరు నుండి వస్తున్నది. పెద్దాయన రామ్‌గఢ్ ప్రాంతంలో బొగ్గు గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. వెంట భార్య, పాతికేళ్ళ కుమారుడు. భోజనం కాగానే తండ్రి ఒక మాత్ర తీసి కుమారునికి ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టి చీటీ మీద గుర్తు పెట్టుకున్నారు. మాటల్లో సంగతి తెలిసింది. కుర్రవాడు రెండేళ్ళ క్రితం నిద్ర మానివేశాడట. ఇరుగుపొరుగువారు తన గురించే గుసగుసలాడుతున్నారని తలుపులు మూసుకునేవాడట. ముందు భూతవైద్యులు, తాయెత్తులు, మొక్కులు అయినవి. దాచుకున్న డబ్బులో కొంత అక్కడే కరిగింది. తరువాత వెల్లూరు.

"రాంచీలోనే పెద్ద ఆసుపత్రి ఉంది కదండీ, మీకు నలభై కిలోమీటర్ల దూరమే గదా?" అని అడిగాను.

ఆయన గొంతు తగ్గించారు. "కాంకే వెళ్ళే బండి ఎక్కితే చాలు బాబూ, సాయంత్రానికి బస్తీ అంతా తెలిసిపోతుంది. మా చిన్నమ్మాయికి ఇంకా పెళ్ళి కావాలి. వెల్లూరు అంటే గుండెకో, మూత్రపిండాలకో అనుకుంటారు."

నలభై కిలోమీటర్ల లోపున్న చికిత్స కోసం ఆ కుటుంబం రెండు రాత్రుల రైలు ప్రయాణం ఎంచుకున్నది. ఖర్చు, శ్రమ అటుంచి, మధ్యలో పోయిన రెండు సంవత్సరాల కాలం మాటేమిటి? ఈ జబ్బులలో చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత మెరుగు. తండ్రిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆయన లెక్క ఆయనది. ఆ లెక్క వేయించినది మనం సరదాగా వాడే ఊరి పేరు.

వెల్లూరులో ఆ తల్లి కూడా కుమారునితోపాటు ఉండిపోయిందట. అక్కడి పద్ధతే అది. 1957లో ఆరంభమైన ఆ మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగి వెంట కుటుంబ సభ్యులు ఉండి, చికిత్సలో పాలు పంచుకుంటారు. అంతకు కొద్ది సంవత్సరాల ముందే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగుల బంధువులను అక్కడే ఉంచి సంచలనం సృష్టించారు. రోగిని గేటు దగ్గర దించి వెళ్ళిపోవడం అలవాటైన కాలమది. "మాత్ర ఎందుకో, వాడిమీద ఎందుకు కేకలు వేయకూడదో అక్కడే నేర్చుకున్నాను" అన్నదామె, నారింజ తొనలు ఒలుస్తూ.

రాంచీ ఉన్న పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 2,100 అడుగుల ఎత్తున ఉంటుంది. నవంబరు ఉదయం చలి గట్టిదే. బ్రిటిష్ వారు దీనిని వేసవి విడిదిగా వాడుకున్నది ఈ వాతావరణం కోసమే. స్వాతంత్ర్యానంతరం హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్, మెకాన్ వంటి సంస్థలు వచ్చి ఊరిని ప్రభుత్వరంగ పట్టణంగా మార్చాయి. కనుక మనవంటి వారికి అక్కడ పరాయితనం తోచదు. శిక్షణకు సెలవైన రోజు ఉదయం కాంకే రోడ్డు పట్టుకున్నాను. ఆటో డ్రైవరు నవ్వుతూ, "ఎవరిని చేర్పించాలి సార్?" అని అడిగాడు. బొగ్గు సంస్థవారి గాంధీనగర్ కాలనీ, కాంకే జలాశయం దాటి బండి సాగింది.

కాంకేలో ఉన్న మానసిక వైద్యశాలలు రెండు అని అక్కడికి వెళ్ళేవరకు నాకు తెలియదు. మొదటిది 1918 మే 17న యూరోపియన్ల కోసం తెరిచినది. భారతీయులకు అందులో ప్రవేశం లేదు. వారికోసం 1925లో పాట్నా నుండి తరలించిన మరొక ఆసుపత్రి ఏర్పడింది. మనసు చెదిరిన తరువాత కూడా తెల్లవారు, నల్లవారు ఒక చూరు క్రింద ఉండరాదన్నమాట! యూరోపియన్ ఆసుపత్రిని 1919 నుండి 1934 వరకు నడిపిన ఓవెన్ బర్క్‌లీ హిల్ అనే ఆంగ్లేయాధికారి భార్య మలయాళ స్త్రీ. ఆ వైరుధ్యాన్ని ఆయన ఎలా భరించాడో గాని, మంచి పనులు చేసిన మాట నిజం. 1922లోనే రోగులకు చేతిపనుల చికిత్స ప్రారంభించాడు. 'అసైలం' అనే మాట తొలగించి 'ఆసుపత్రి' అనాలని పోరాడాడు. పేరు మారితే జనం వస్తారని ఆయన ఆశ. నూరేళ్ళు దాటినా ఆ ఆశ పూర్తిగా ఫలించలేదని నా రైలు మిత్రుడు చెప్పకనే చెప్పాడు.

మొదటిది నేడు సుమారు 210 ఎకరాల ఆవరణలో కేంద్ర ప్రభుత్వ మనోరోగ చికిత్సా సంస్థగా ఉన్నది. రెండవదాని కథ అంత సుఖమైనది కాదు. 1980 దశకంలో అక్కడి దుస్థితి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. న్యాయస్థానం ఏళ్ళ తరబడి వెంటపడగా, 1998లో అది స్వయంప్రతిపత్తి గల సంస్థగా రూపుదిద్దుకున్నది. ఊరి పేరు తిట్టుగా మారడానికి ఒకనాటి ఆ గోడలూ తాళాలూ కారణమే. దానిని దాచడం వల్ల ప్రయోజనం లేదు. బెంగాలీ మహాకవి కాజీ నజ్రుల్ ఇస్లాంను కూడా 1952లో చికిత్సకోసం రాంచీకే తీసుకువచ్చి నాలుగు నెలలు ఉంచారు. అప్పటికి పదేళ్ళుగా ఆయన మాట కోల్పోయి ఉన్నారు.

బయటిరోగుల విభాగం ముందు అరగంట నిలబడ్డాను. నేను ఊహించుకున్న కేకలు, పెనుగులాటలు లేవు. టిఫిన్ డబ్బాలతో, దుప్పట్లతో దూరప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలు వరుసలో ఉన్నాయి. మన ఊరి ప్రభుత్వాసుపత్రి వరుసకూ దీనికీ తేడా తెలియదు. చాలామంది మందుల పొట్లంతో తిరిగి వెళ్ళిపోతున్నారు. మానసిక రుగ్మత అనగానే గొలుసులూ గదులూ మన కళ్ళముందు మెదులుతాయి గాని, అత్యధికులకు ఆసుపత్రిలో పడక అవసరమే రాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దలలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి వారిలో నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడం లేదు. అంటే నూరుమంది పనిచేసే షాపులో పదిమంది మాట ఇది.

మన కర్మాగార జీవితంలో దీనికి మొదటి గుర్తు తరచుగా నిద్ర. రాత్రి షిఫ్టు మారిన రెండు మూడు రోజులు నిద్ర చెడటం సహజం. షిఫ్టు మారినా నిద్ర రాకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి దిగులు కమ్ముకోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే డాక్టరును చూడవలసిందే. సాయంత్రం మద్యంతో నిద్ర కొనుక్కునేవారు దానికి అర్ధరాత్రి వడ్డీ కడతారు. మందులు మొదలైన తరువాత తేలికపడగానే మానివేయడం మరొక సాధారణ ప్రమాదం. ఇంటివారి పాత్ర సంగతి రైలులోని తల్లి చెప్పనే చెప్పింది. ఎత్తిపొడుపులూ దెప్పుళ్ళూ ఎక్కువగా ఉన్న ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం అధికమని పరిశోధకులు చాలాకాలం క్రితమే గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది దేశాలలో స్కిజోఫ్రీనియాపై అధ్యయనం మొదలుపెట్టినప్పుడు మన దేశం నుండి ఎంచుకున్న కేంద్రం ఆగ్రా. సంపన్న దేశాల వారికంటే ఆగ్రా రోగులు మెరుగ్గా కోలుకున్నారని తేలింది. కారణాల మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కుటుంబం అంటిపెట్టుకుని ఉండటం ఒక కారణమని అనేకుల అభిప్రాయం. తిట్టుగా వాడే ఊరికి ఈ ఖ్యాతి కూడా ఉన్నదని ఎందరికి తెలుసు?

తిరిగి వచ్చిన వారానికి, పక్క షాపులో పనిచేసే ఒక సహోద్యోగి బి-షిఫ్టు ముగిశాక నన్ను సైకిల్ స్టాండు వద్ద ఆపాడు. రాంచీ గురించి అడిగి, అటూ ఇటూ చూసి, "అన్నా, ఆ మందులు వాడితే సర్వీసు రికార్డులో ఎక్కుతుందా?" అన్నాడు. ఎవరికోసమని నేను అడగలేదు. 2018 మే నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్య వివరాలను గోప్యంగా ఉంచడం రోగి హక్కుగా చెబుతున్నదనీ, సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిందన్న కారణంతో ఉద్యోగిని తొలగించడం గాని హోదా తగ్గించడం గాని కూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వరంగ సంస్థలకు కూడా నిర్దేశిస్తున్నదనీ చెప్పాను. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416 అనే టెలి మానస్ నంబరుకు ఇంటి నుండే ఫోను చేయవచ్చు, 2022 అక్టోబరులో ప్రారంభించారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు అన్నాను.

అతడు జేబులోనుండి క్యాంటీన్ కూపను తీసి, వెనుకవైపున ఆ అయిదు అంకెలూ వ్రాసుకున్నాడు. "చినవాల్తేరులో ఓ.పి. ఏ రోజుల్లో ఉంటుందన్నా?" అని అడిగాడు. కనుక్కుని రేపు చెబుతానన్నాను.