విశాఖపట్టణమున గృహాన్వేషణము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. ఈ కాలమున పట్టణములలో ఇల్లు కట్టువారికంటె కట్టిన యిల్లు కొనువారే యెక్కువ. ఉపాధ్యాయుని జీతముతో సంసారము నడపు మావంటి వారికి ఆ భాగ్యము జీవితమున నొక్కసారియే గదా లభించునది! నా భర్తగారి భవిష్యనిధి నుండి కొంత, బ్యాంకు ఋణము కొంత, నా పుట్టినింటి బంగారము కొంత చేర్చి విశాఖపట్టణమున నొక చిన్న యిల్లు కొనుటకు మేము తిరిగిన విశేషములు సోదరీమణుల కుపకరించునని యిట వ్రాయుచున్నాను.

ముందుగా ఊరి స్వరూపము తెలియవలెను. తూర్పున సముద్రము. దక్షిణమున యారాడకొండ; సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన దాని కొమ్మునే డాల్ఫిన్ నోస్ అందురు. ఉత్తరమున కైలాసగిరి, సింహాచలము కొండలు. వీని నడుమ పళ్లెరమువలె నగరము పరచుకొని యున్నది. కైలాసగిరిపై నిలిచి, ఒక ప్రక్క పచ్చని కొండలను, ఒక ప్రక్క నురుగులు గ్రక్కు కడలిని చూచినవారికి ఇచటనే యుండిపోవలె ననిపించును. కాని యిల్లు కొనువారు కొండను చూచి మురిసిన చాలదు. దానిమీద పడిన వాన యే దారిని దిగునో కూడ చూడవలెను.

ఈ తీరమున వానలు రెండు విడతలుగా వచ్చును. నైరృతి ఋతుపవనములు మొదటివి. అవి మరలు వేళ, ఆశ్వయుజ కార్తికములలో, బంగాళాఖాతపు వాయుగుండములు తఱచుగా విరుచుకొనిపడును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరమువద్దనే తీరము దాటి, మహావృక్షములను కూల్చి, కిటికీ అద్దములు పగులగొట్టి, దినముల తరబడి దీపములు లేకుండ జేసినది. కావున వేసవిలో చూచిన యిల్లు సగము చూచినట్లే. మేము అక్టోబరు మాసముననే గొడుగులు చేతబట్టి వెదకితిమి.

ఈ ప్రాంతమున కొండవాగును గెడ్డ యందురు. ఊరు పెరిగిన కొలది గెడ్డ మురుగుకాలువయై, పైన సిమెంటు పలకలు కప్పబడి మరుగుపడును. కొత్తవారికి అది కనబడదు. "నీరు పల్లమెఱుగు" నను సామెత ఊరక పుట్టలేదు. ఒకచోట చౌకగా దొరకిన యిల్లు చూచుచుండ, ఎదురింటి అరుగుమీద కూర్చున్న ముసలమ్మ నన్ను పిలిచి, "గెడ్డ పొంగితే నీల్లు ఈ మెట్టు దాకా వచ్చెస్తాయి తల్లీ" అని మూడవ మెట్టు చూపినది. అమ్ముడుదారు చెప్పని సంగతి ఆమె యొక్క మాటలో చెప్పెను. కొండవాలున కట్టిన యిండ్లకు వెనుకనున్న అడ్డుగోడ ముఖ్యము. అందు నీరు కారుటకు రంధ్రములుండవలెను. లేనిచో నానిన మట్టి బరువంతయు గోడమీద బడును.

సముద్రమునకు దగ్గఱలో నొక యిల్లు నా భర్తగారికి మిక్కిలి నచ్చినది. గోడలు కొత్తరంగుతో మెఱయుచున్నవి. "రేపే వేఱొకరు బయానా యిచ్చెదరు" అని అమ్ముడుదారు తొందరపెట్టెను. లక్కయింటిలో ప్రవేశించినపుడు ధర్మరాజు నేతివాసన, లక్కవాసన పసిగట్టి భీమునితో చెప్పిన కథ నాకు చిన్ననాటనే మా తండ్రిగారు చెప్పియుండిరి. వెనుకగదిలో రంగువాసన చాటున చెమ్మవాసన యుండెను. అలమర వెనుక గోడపై ఉప్పు పూసియున్నది. కప్పున సన్నని తుప్పుచాఱ కనబడెను. ఉప్పుగాలియు చెమ్మయు సిమెంటులోనికి దిగిన, లోని యినుపకడ్డీ తుప్పుపట్టి, ఉబ్బి, పైపెచ్చును పగులగొట్టును. "ఒక వాన పడనిండు, పిమ్మట మాటాడుకొందము" అంటిని. మూడుదినములకు వాన కురిసెను. మరల వెళ్ళి చూడగా కొత్తరంగును చీల్చుకొని అరచేతి వెడల్పున మరక పైకి వచ్చియున్నది. బయానా మా సంచిలోనే యుండెను.

చట్టము కొంత తోడ్పడును. 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము, దాని క్రింద నమోదైన కొత్త కట్టడమున స్వాధీనమైన యైదేండ్లలోపల నిర్మాణలోపము బయటపడిన, తెలిపిన ముప్పది దినములలో నిర్మాత తన ఖర్చుతో బాగుచేయవలెను. పాతయింటికి ఆ రక్షణ లేదు. అచట మన కన్నులే రక్ష.

పత్రముల విషయమున బద్ధకింపరాదు. వెనుకటి దస్తావేజులన్నియు వరుసగా చూడవలెను. తాకట్టులు, విక్రయములు తెలుపు ఇ.సి. తీయింపవలెను. ఆ సర్వే నెంబరు నిషేధిత భూముల జాబితాలో నున్నదో లేదో విచారింపవలెను. సింహాచల దేవస్థానమునకు సంబంధించిన పంచగ్రామముల భూవివాదము దశాబ్దముల తరబడి యెన్ని కుటుంబములకు నిద్రలేకుండ జేసినదో ఆ ప్రాంతమువారి నడిగిన తెలియును.

చివరకు గోపాలపట్టణము వైపు, మెఱకమీద, రెండుగదుల పాతయిల్లు కుదిరినది. అప్పుడొక చర్చ వచ్చెను. "ఋణము తీర్చువాడతడే గదా, దస్తావేజున ఆమె పేరెందుకు?" అని మా బంధువులలో పెద్దవారొకరు అనిరి. మా పినతల్లి భర్త పోయిన పిదప, తానలికి ముగ్గుపెట్టిన యింటనే అతిథివలె నుండుట నేను కన్నులార చూచితిని. నా బంగారము ఆ గోడలలో నున్నది. నా పేరును ఆ పత్రమున నుండవలె నంటిని. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను ప్రకారము స్త్రీ ఆస్తికి ఆమెయే సంపూర్ణ హక్కుదారు. నా భర్తగారు మాఱుమాటాడక ఇరువురి పేరులు వ్రాయించిరి. ఇరువురమును రిజిస్ట్రారు కచేరీలో వ్రేలిముద్రలు వేసితిమి.

మా కిటికీనుండి సముద్రము కనబడదు. వంటయింటినుండి సింహాచలము కొండ కనబడును. వానవచ్చు ముందు దాని శిఖరము మబ్బులో మునుగును. అది చూచి నేను ఆరవేసిన బట్టలు లోనికి తెచ్చుకొందును. ఈ యేటి వానలకు గోడ లొక్కచోటను చెమ్మగిల్లలేదు. ఇల్లు కొనదలచిన సోదరీమణులారా! ధరను మగవారు మాటాడిన మాటాడనిండు. వాన వెలిసినపిదప ఆ గోడను తాకి చూచుట మాత్రము మీరు మానకుడు.