బొమ్మలు తగిలించడానికి కూడా ఎం.ఏ. కావాలా?



అరబ్బీలో అమ్వాజ్ అంటే అలలు. మీరు విమానంలో బహ్రెయిన్‌కు వస్తే, దిగే ముందు కిటికీలోంచి చూడండి. ముహర్రక్ ద్వీపానికి ఈశాన్యాన, ఎవరో పెన్సిలుతో గీసి కత్తిరించి నీళ్ళ మీద అతికించినట్టు కొన్ని దీవులు కనిపిస్తాయి. అదే అమ్వాజ్. ఇక్కడికి దగ్గర్లో ఒక బడిలో పాఠాలు చెబుతూ, ఆరేళ్ళుగా ఈ దీవుల్లో ఒక చిన్న ఫ్లాటులో అద్దెకు ఉంటున్నాను.

నేను డర్బన్‌లో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో ఈ నేల లేదు. ఇక్కడ సముద్రమే ఉండేది. 2000 తరువాతి సంవత్సరాల్లో సముద్రం అడుగునుంచి ఇసుక తోడి, పోసి, గట్టిపరచి ఈ దీవులను చేశారు. విదేశీయులు సొంతంగా ఇల్లు కొనుక్కోవచ్చని ఇక్కడ అనుమతి ఇచ్చారు. అందుకే నా వీధిలో ఎన్ని దేశాలవాళ్ళు ఉన్నారో లెక్కపెట్టలేను. పడవలు కట్టే రేవు ఉంది, మధ్యలో చెరువులాంటి ఉప్పునీటి మడుగు ఉంది, దాని చుట్టూ కాఫీ హోటళ్ళు ఉన్నాయి. సాయంత్రం నడవడానికి బాగుంటుంది. కాని ఒక సంగతి గమనించండి. ఈ ఊళ్ళో తాతలనాటి గోడ ఒక్కటి కూడా లేదు. ఎవరూ "మా ముత్తాత ఇక్కడే పుట్టాడు" అని చెప్పలేరు.

ఇలాంటి ఊళ్ళో కూర్చుని నేను ఒక చదువు గురించి మీకు రాస్తున్నాను. ఆ చదువు పేరు క్యురేటింగ్. నా చెల్లెలి కూతురు ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు సమకాలీన కళల క్యురేటింగ్‌లో పై చదువు చదువుతానంటోంది. దరఖాస్తు పెట్టింది, సీటు కూడా వచ్చింది. ఇంట్లో ఉన్న డబ్బు తమ్ముడి ఫార్మసీ చదువుకని దాచినది. మా చెల్లెలు నాకు ఫోన్ చేసి అడిగింది: "అక్కా, బొమ్మలు గోడకు తగిలించడానికి కూడా ఎం.ఏ. కావాలా? నువ్వే చెప్పు." నేను టీచర్ని కాబట్టి నా మాట చివరి మాట అవుతుందని అందరికీ తెలుసు. అందుకే వెంటనే జవాబు చెప్పలేదు. డిసెంబరు సెలవుల్లో పిల్లను నా దగ్గరికి పంపమన్నాను.

వచ్చిన రెండో రోజు దాన్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాను. అవతల గలాలీ, సమాహీజ్ గ్రామాలు ఉన్నాయి. పాత జాలరి ఊళ్ళు. అమ్వాజ్ రాకముందు వాటికీ సముద్రానికీ మధ్య ఏమీ లేదు. అప్పుడు ఆ పిల్ల తన ఫోన్‌లో ఒక సంగతి చూపించింది. అది మీకు చెప్పాలి.

2010లో వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ వాస్తుకళా ప్రదర్శనలో బహ్రెయిన్ మొదటిసారి పాల్గొంది. దేశాలన్నీ తమ గొప్ప కట్టడాలను చూపించే చోటు అది. బహ్రెయిన్‌లో ఎత్తయిన మేడలకు కొదవ లేదు. అయినా ఆ ప్రదర్శనకు క్యురేటర్లయిన నూరా అల్ సాయెహ్, ఫువాద్ అల్ అన్సారీ మేడల నమూనాలు పంపలేదు. ఒడ్డున జాలర్లు పాత చెక్కలతో, దొరికిన సామానుతో తామే కట్టుకున్న మూడు గుడిసెలను విప్పి తీసుకెళ్ళి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. లోపల కూర్చుంటే జాలర్లు సముద్రం గురించి మాట్లాడే వీడియోలు చూడవచ్చు. కెమీల్ జఖారియా అనే ఫొటోగ్రాఫర్ ఈ ఒడ్డులను తీసిన ఫొటోలు కూడా పెట్టారు. ప్రదర్శన పేరు "రిక్లెయిమ్". ఆ మాటకు రెండు అర్థాలు. సముద్రాన్ని పూడ్చి నేల చేసుకోవడం ఒకటి. చేజారినదాన్ని తిరిగి మనదిగా చేసుకోవడం ఇంకొకటి. ఆ సంవత్సరం దేశాల విభాగంలో అత్యున్నత బహుమతి, బంగారు సింహం, ఆ మూడు గుడిసెలకు వచ్చింది.

"పెద్దమ్మా, వాళ్ళు కొత్తగా ఏమీ తయారుచేయలేదు చూడు. ఏది చూపించాలో ఎంచుకున్నారు. ఎవరి మాట వినిపించాలో ఎంచుకున్నారు. అంతే," అంది ఆ పిల్ల.

ఈ దేశం ఒకప్పుడు 700 చదరపు కిలోమీటర్లు కూడా ఉండేది కాదు. సముద్రాన్ని పూడ్చి పూడ్చి ఇప్పుడు 780 దాటింది. ఆ లెక్క పుస్తకంలో చదివితే గొప్పగా ఉంటుంది. గుడిసెలో కూర్చుని జాలరి నోట వింటే వేరేగా ఉంటుంది. రెండూ నిజమే. రెండో నిజాన్ని మన ముందుకు తెచ్చేవారిని క్యురేటర్ అంటారని నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు మా కాంప్లెక్సులో గడ్డికి నీళ్ళు పెట్టే తోటపని అతనితో మాట్లాడాం. కోనసీమ మనిషి. నా తెలుగు వింటే అతనికి ఎప్పుడూ నవ్వే. "మీ తెలుగు గుళ్ళో పంతులుగారి తెలుగులా ఉందండి" అంటాడు. గుడి తరగతుల్లో నేర్చుకున్న తెలుగు మరి అలాగే ఉంటుంది! పిల్ల అతన్ని అడిగింది: అమ్వాజ్ గురించి ఒక ప్రదర్శన పెడితే అందులో ఏమి పెట్టాలి? అతను ఆలోచించి చెప్పాడు: "మట్టి పెట్టండమ్మా. ఇదంతా ఉప్పిసుక. దీంట్లో గడ్డిపోచ మొలవదు. తియ్యమట్టి లారీల్లో తెచ్చి పోస్తేనే ఈ పచ్చదనం. రెండు సీసాల్లో రెండు మట్టులూ పక్కపక్కన పెట్టండి. చూసినోళ్ళకి మేం చేసే పనేంటో తెలుస్తుంది." పిల్ల నావైపు చూసింది. ఏ కాలేజీకీ వెళ్ళని మనిషి క్యురేటింగ్ మొదటి పాఠం చెప్పేశాడు. అతనిది రెండేళ్ళ ఒప్పందం. మనవాళ్ళది అయిదేళ్ళ ఒప్పందం.

ఇప్పుడు ఆ చదువులో ఏముంటుందో చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో కూడా రేపు ఒక పిల్ల ఇదే అడగవచ్చు. క్యురేటర్ అనే మాట బాగోగులు చూడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. సమకాలీన కళలకు దీన్ని ప్రత్యేకంగా నేర్పడం పాత సంగతి కాదు. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో ఒక కళాకేంద్రం అలాంటి బడి మొదలుపెట్టింది. 1992లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ ఎం.ఏ. కోర్సు పెట్టింది. మన దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ తరువాత ఆనర్స్ సంవత్సరంగా ఈ చదువు ఉంది.

అక్కడ నేర్పేది రెండు రకాలు. ఒకటి చేతిపని. ఒక వస్తువు అరువుకు తెస్తే ఒప్పందం ఎలా రాయాలి, వచ్చినప్పుడు ఎక్కడ చిరుగు ఉందో ఎలా నమోదు చేయాలి, భీమా ఎలా చేయాలి, గోడమీద చీటీలో నలభై మాటల్లో ఏమి రాయాలి. పాత కాగితానికీ పాత ఫొటోకూ 50 లక్స్‌కు మించి వెలుతురు పెట్టవద్దని అంటారు. మన తరగతి గదుల్లో దానికి ఆరు రెట్లకు పైగా ఉంటుంది. రెండోది ఆలోచన. ఎవరి కథ? ఎవరు చెబుతున్నారు? వారి అనుమతి ఉందా? కళాకారులు బ్రతికి ఉన్నవారు కాబట్టి వారితో కూర్చుని మాట్లాడి, కొత్త పని చేయించి, దానికి తగిన చోటు చూడటం కూడా క్యురేటర్ పనే.

ఇది మనకు దూరమైన సంగతి అనుకోకండి. డర్బన్‌కు చెందిన రియాసన్ నాయుడు 1950లలో డ్రమ్ పత్రికలో వచ్చిన భారతీయుల ఫొటోలను వెతికి ప్రదర్శనగా, పుస్తకంగా తెచ్చారు. తరువాత కేప్‌టౌన్‌లో జాతీయ చిత్రశాలకు డైరెక్టరుగా పనిచేశారు. బ్రిస్బేన్‌లో ఉండే కళాకారిణి సంచింత్య మోహినీ సింప్సన్ నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి వంశంలో పుట్టింది. చెరకు తోటల బాధను చిత్రాల్లో, వీడియోల్లో, కవితల్లో పెడుతోంది. పని చేసేవాళ్ళు ఉన్నారు. దానిని మన హాళ్ళకు తెచ్చేవాళ్ళు తక్కువ.

సెలవు అయిపోయేలోపు ఇద్దరం ముహర్రక్ పాత ఊరికి వెళ్ళాం. అమ్వాజ్ నుంచి కారులో కొద్ది నిమిషాలే. అక్కడ ముత్యాల బాట ఉంది. సముద్రపు ఒడ్డునుంచి పాత వ్యాపారుల ఇళ్ళ మధ్యగా సుమారు మూడున్నర కిలోమీటర్లు. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మురిసిపోయే ముత్యాల కథే చెబుతారనుకున్నాను. కాని ముత్యాలకోసం మునిగేవారి అప్పుల కథ కూడా అందులో భాగమే. పడవ నాయకుడు ముందుగా డబ్బు ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేది కాదు. తండ్రి తీర్చని అప్పు కొడుకు మీదికి వచ్చేది. 1920లలో లెక్కల పుస్తకాలు పెట్టాలని చట్టం వచ్చాకగాని కొంత మారలేదు. ఆ సన్నని వీధిలో నిలబడి నేను మన తాతలనే తలచుకున్నాను. వ్యాపారి ఇల్లు ఎక్కడైనా నిలుస్తుంది. మునిగినవాడి మాటను ఎవరో ఒకరు పూనుకుని నిలబెట్టాలి.

మరి మన సంగతి? 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు లక్షా యాభై వేలమందికి పైగా వచ్చారు. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీది మచ్చలు ఉన్నాయి. అది దొరలు రాసుకున్న లెక్క. మనం రాసుకున్నది ఎక్కడ ఉంది? నేను తెలుగు నేర్చుకున్న గుడి హాలులో ఒక ఇనప్పెట్టె ఉంది. రామభజన పుస్తకాలు, తాళాలు, నాటకాల కిరీటాలు, పేర్లు లేని పెళ్ళి ఫొటోలు. హాలుకు రంగులు వేయాలని ఈ ఏడు దాన్ని ఖాళీ చేయమంటున్నారు. "ఎవరికి కావాలి ఈ పాత సామాను?" అని అడిగితే ఇంతవరకు ఎవరూ చెయ్యెత్తలేదు. నా చెల్లెలి కూతురు చెయ్యెత్తింది. తన చదువులో చివరి ప్రాజెక్టుగా ఆ పెట్టెను తీసుకుంటానంటోంది. ఆ ఫొటోల్లోని ముఖాలను గుర్తుపట్టగల అవ్వలు మా ఊళ్ళో ఇంకా ముగ్గురే ఉన్నారు.

మీకు తీపి మాటలు చెప్పను. ఈ చదువుకు ఉద్యోగాలు కొద్ది. ఫీజు ఎక్కువ. ఫార్మసీ చదివినవాడికి మొదటి నెలనుంచే జీతం వస్తుంది, దీనికి అలా రాదు. అదంతా చెల్లెలికి దాచకుండా చెప్పాను. తమ్ముడి డబ్బు ముట్టుకోవద్దని, మొదటి ఏడు ఫీజులో సగం నేను పెడతానని, మిగతాది పిల్ల పనిచేసి, బర్సరీ వెతికి తెచ్చుకోవాలని చెప్పాను. చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మన నాయన ఫొటో కూడా ఆ పెట్టెలో ఉందేమో చూడమను," అంది. అంటే ఒప్పుకున్నట్టే.

డర్బన్‌లో ఉన్నా, మారిషస్‌లో ఉన్నా, ఫిజీలో ఉన్నా, మీ దగ్గర కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. క్యురేటర్ వచ్చేదాకా ఆగవద్దు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్క ఫొటో చూపించండి. పేర్లు వెనకవైపు, అంచు దగ్గర, మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. ఎండ తగిలే గోడనుంచి ఫొటోలు తీసి నీడలో పెట్టండి. చెప్పేవారి గొంతు ఫోన్‌లో రికార్డు చేయండి. మీ ఇంట్లో ఎవరైనా పిల్ల ఈ చదువు కావాలంటే నవ్వకండి. ముందు ఆ పెట్టె తాళం తీసి దాని చేతికివ్వండి.