ఒకటే గోలీ, రెండు బందూకులు

ఉర్దూ బడిలో కారతూస్ అని చదివాను. తెలుగు డిగ్రీకి వచ్చాక అది తూటా అయింది. శ్రీకూర్మంలో మా ఖాలాకి మాత్రం ఎప్పుడూ గోలీయే. ఇప్పుడు ఆ గోలీ గురించే మా ఇంట్లో బహస్ నడుస్తోంది.

ఖాలా కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చాక .357 మాగ్నమ్ రివాల్వర్ కొన్నాడు. ఊరవతల వాడు కొన్న జాగాని అడవి పందులు తవ్విపోస్తున్నాయి. అక్కడ సొంత భూమిలో పందుల్ని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. అందుకని రివాల్వర్ గోలీయే పట్టే లీవర్ రైఫిల్ కావాలంటాడు. ట్రిగ్గర్ కింది కడీని తోసి లాగితే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. కౌబాయ్‌ల సరుకు. కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' చూసినవాళ్లకి ఆ లోకం కొత్త కాదు.

ఖయాల్ పాతదే. 1873లో వించెస్టర్ రైఫిల్‌తో .44-40 తూటా వచ్చింది. 1878లో కోల్ట్ వాళ్లు అదే తూటాకి రివాల్వర్ చేశారు. గుర్రం మీద తిరిగేవాడికి నడుముకి ఒక పట్టీ చాలు. పైగా గొట్టం పొడవైతే మందుకి ఇంకాస్త తోసే మోకా దొరుకుతుంది. 158 గ్రెయిన్ల .357 గుండు రివాల్వర్‌లో సెకనుకి సుమారు 1,200 అడుగులు పోతే, రైఫిల్‌లో 1,700 దాటుతుంది. వంద గజాల లోపు పందికి అది కాఫీ.

వాడి మనసు .44 మాగ్నమ్ మీదికి కూడా పోతోంది. దెబ్బ పెద్దదే, కాదనను. కానీ చేతిలో ఉన్న రివాల్వర్ .357 కదా, ఇంకో గోలీ కొంటే మొత్తం ఫాయిదా పోయినట్టే. .357 దాంట్లో .38 స్పెషల్ కూడా పేలుతుంది, తన్ను తక్కువ, భాభీ కూడా నేర్చుకోవచ్చు. ఒక ఎహతియాత్: తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి మొన చదునైనవే వాడాలి. మొన వాడిగా ఉంటే ముందున్న దాని అడుగుకి పొడుచుకుంటుంది.

మన దగ్గర ఇంత సోచ్ ఎక్కడిది! ఇషాపూర్ .315 రైఫిల్‌కి ఒక గోలీ, కాన్పూర్ .32 రివాల్వర్‌కి ఇంకోటి. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే. జీడితోటల్లో ఎలుగుబంటి భయంతో బతికే ఉద్దానం రైతుకి ఒకటి దొరకడమే ముష్కిల్.

ఖాలా గొట్టాలూ గ్రెయిన్లూ వినలేదు. "ఘర్ మే బచ్చా హై, కాయికూ?" అంది. అక్కడే ఆగాను. ఒకటే గోలీ అంటే, పిల్లాడి చేతికి ఒక్క డబ్బా చిక్కినా రెండు బందూకులూ నిండుతాయి. డబ్బా ఎక్కడ పెడతావురా అని అడిగాను. బట్టల అల్మారాలో అన్నాడు. తాళం? లేదు.

రైఫిల్ తర్వాత, ముందు ఇనప సేఫ్ కొను, గోలీలకి వేరే పెట్టె, వేరే తాళం అన్నాను. సేఫ్ వచ్చింది. .357 అనే ఖాయం చేసుకున్నాడు, ఇంకా కొనలేదు. ఖాలా వాడితో సలాం దువా వరకే మాట్లాడుతోంది.