తెల్లనెమలి ఎదుట కాసేపు

గత వేసవి సెలవుల్లో మేము మూడు కుటుంబాలవారం కలిసి మైసూరు వెళ్లాము. రాజభవనం చూచిన పిమ్మట, పిల్లలు పట్టుబట్టగా శ్రీ చామరాజేంద్ర జంతు ప్రదర్శనశాలకు బయలుదేరాము. 1892లో మొదలైన తోట అది. పెద్ద చెట్ల నీడన నడుస్తుంటే ఎండ తెలియలేదు.

ఏనుగులను, జిరాఫీలను చూచి ముందుకు సాగిన తర్వాత, పక్షుల ఆవరణ ఒకదాని దగ్గర పిల్లలు ఆగిపోయారు. లోపల ఒక తెల్లనెమలి! తలమీది తురాయి మొదలుకొని తోక చివరివరకు మల్లెపూవంత తెలుపు. అది పింఛం విప్పగా అందులోని కన్నులు కూడా తెల్లగానే, నీడల్లా కనబడ్డాయి.

"ఇది వేరే దేశపు పక్షి అయివుంటుంది" అన్నారు మాలో ఒకరు. "జబ్బుచేసి రంగు పోయిందేమో" అన్నారు మరొకరు.

మాతో వచ్చిన జీవశాస్త్రం మాష్టారు నవ్వారు. "ఇది మన చేలల్లో తిరిగే నెమలి జాతే. జబ్బూ కాదు. కళ్లు చూడండి, ఎర్రగా లేవు. పూర్వం శాస్త్రజ్ఞులు కూడా ఇలాగే పొరబడ్డారు. నల్లరెక్కల నెమలిని 1860లో స్క్లేటర్ అనే ఆయన వేరే జాతిగా ప్రకటించాడు. అయితే మామూలు నెమళ్ల మందలోనే అట్టివి పుడుతున్నాయని 1868లో డార్విన్ చూపించాడు."

ఆయన చెప్పిన మరొక సంగతి మాకు ఆశ్చర్యం కలిగించింది. నెమలి ఈకలో నీలిరంగు పదార్థమే లేదట! ఉన్నది మెలనిన్. మన జుట్టుకు నలుపునిచ్చేది కూడా అదే. ఈకలో అది అతిసన్నని కడ్డీలుగా వరుసగా పేర్చబడి ఉంటుంది. వాటిపై పడిన వెలుగు నీలంగా, పచ్చగా తిరిగి వస్తుంది. సబ్బుబుడగ మీద రంగులు ఆడినట్లే. తెల్లనెమలి ఈకల్లో మెలనిన్ లేదు గనుక రంగులన్నీ కలిసి తెల్లగా కనబడతాయి.

"రెండు నీలినెమళ్లకు తెల్లపిల్ల పుడుతుందా?" అని ఒక పాప అడిగింది.

"పుట్టవచ్చు" అన్నారు మాష్టారు. "ప్రతి పిల్లకు తండ్రినుండి ఒక జన్యువు, తల్లినుండి ఒక జన్యువు వస్తాయి. తెలుపు జన్యువు ఒక్కటే వస్తే అది దాగివుంటుంది. పక్షి నీలంగానే పెరుగుతుంది, ఎక్కడో ఒకటి రెండు తెల్ల ఈకలు ఉంటే ఉండవచ్చు. అలాంటి రెండు జతకడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి తెల్లనిదవుతుంది. పొదిగినప్పుడు అది లేతపసుపుగా ఉండి, పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. తల్లి తండ్రి ఇద్దరూ తెల్లనివైతే పిల్లలన్నీ తెల్లనివే."

అంతవరకు మౌనంగా నిలబడిన ఒక సోదరి మెల్లగా అడిగింది: "మాష్టారూ, మా బాబు విషయం కూడా ఇంతేనా?"

ఆ బాబు పుట్టుకతోనే తెల్లని జుట్టు, తెల్లని చర్మం గలవాడు. ఎండలో కళ్లు తెరవలేడు. గ్రహణం నాడు తల్లి బయట తిరిగినందున ఇలా పుట్టాడని అత్తవారింట ఆరేళ్లుగా అంటున్నారు.

మాష్టారు గంభీరంగా చెప్పారు: "నెమలి సంగతి, బాబు సంగతి ఒకటే కాదమ్మా. కాని వచ్చే దారి సాధారణంగా ఇలాంటిదే. దాగిన జన్యువు తల్లిలోను, తండ్రిలోను ఉండాలి. నీ ఒక్కదానివల్ల రాదు, గ్రహణంవల్ల అసలే రాదు. మీది మేనరికం. ఒకే తాత నుండో అవ్వ నుండో ఆ జన్యువు ఇద్దరికీ దిగివచ్చే అవకాశం మేనరికంలో ఎక్కువ. అందుకే అలాంటి సంబంధాలు కుదుర్చుకునే ముందు డాక్టరును అడగమంటారు. ఇప్పుడు చేయవలసింది బాబు చర్మాన్ని ఎండనుండి కాపాడడం, కళ్లు పరీక్ష చేయించడం, బడిలో ముందు వరుసలో కూర్చోబెట్టడం."

ఆమె కన్నీళ్లు తుడుచుకున్నది. భర్త వెనుకనే నిలబడి అంతా విన్నాడు. బాబు టోపీ సరిచేసి, నెమలి బాగా కనబడేలా భుజంమీదికి ఎత్తుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కేటప్పుడు అతడు ఆమెతో అన్న మాట మాకు వినబడింది: "ఇంటికి వెళ్లగానే అమ్మకు ఈ సంగతి నేనే చెబుతాను."