కృష్ణలో మిగిలిన కొండ

మా మఠంపల్లి ప్రాంతపు పొలాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనివి. ఆ కాలువకు నీరిచ్చే జలాశయం అడుగున ఒక రాజధాని ఉన్నదని మా వైపు తలచుకొనేవారు తక్కువ. నాగార్జునకొండకు వెళ్ళి వచ్చినప్పటి నుండి మాత్రం వరి నాట్లు చూచినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకు వస్తూనే ఉన్నది.

ఆ ద్వీపం పూర్వం ద్వీపం కాదు. మూడు దిక్కుల నల్లమల కొండలు, నాలుగవ దిక్కున కృష్ణ ఉన్న లోయలో అదొక కొండ. క్రీ.శ. 3వ శతాబ్దంలో, శాతవాహనుల అనంతరం, ఇక్ష్వాకులు ఆ లోయలోనే విజయపురిని రాజధానిగా చేసుకొన్నారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యానికి దానాలు చేసిన ఉపాసిక. ఒకే ఇంట రెండు ధర్మాలూ ఇమిడినవి. సింహళ భిక్షువులకు కూడా అక్కడ విహారం ఉండేది.

1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండపైనా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు.

లాంచీ దిగగానే చుట్టూ నీలిజలం, ఆవల కొండల వరుస, ఎడతెగని గాలి. చాలాసేపు చూపు మరలదు. ఆ అందం మధ్యనే, ఒకనాడు నదీతీరాన ఉండిన స్నానఘట్టం కొండమీద కనబడుతుంది. దాని మెట్ల వద్ద నేను ఎక్కువసేపు నిలిచిపోయాను.

కారణమున్నది. మా మండలంలోని మట్టపల్లి నరసింహస్వామి ఆలయం ముందు కృష్ణ ఇప్పుడు పులిచింతల వెనుకజలాలతో నిండుగా ఉంటుంది. 2013లో జాతికి అంకితమైన ఆ ప్రాజెక్టు కింద మా వైపు ఊళ్ళూ కొన్ని మునిగినవి. విజయపురి రాళ్ళకు 1966లో మ్యూజియం వచ్చింది. ఈ ఊళ్ళ రచ్చబండలను, బావిగట్లను ఎవరు తవ్వి ఎక్కడ నిలబెట్టారు? నీరు అవసరమే, ఆ అన్నం తిన్నవాడిని, కాదనలేను. కానీ మునిగిన ఊళ్ళ పెద్దలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఏ వీధిలో ఏ చెట్టుండేదో వారినడిగి వ్రాసిపెట్టుకొనవచ్చును కదా! మట్టపల్లి వైపు నుండి నేను మొదలుపెడుతున్నాను.

కొండకు వెళ్ళదలచిన మిత్రులు లాంచీలు నడుస్తున్నదీ లేనిదీ ముందుగా కనుక్కోండి. తిరుగు లాంచీ వేళ కూడా అడిగి దిగండి. మ్యూజియం ఒక్కదానికే గంట చాలదు.