ముందే పడ్డ ఓట్లు, ముందే వేసిన లెక్కలు

అమెరికాలో ఎన్నికలొస్తే మనవాళ్ల వాట్సాప్ గ్రూపులకు నిద్ర ఉండదు. డాలస్ బావగారు ఓ పట్టిక పంపిస్తారు. ఫలానా రాష్ట్రంలో ఇప్పటికే ఇన్ని లక్షల ఓట్లు పడిపోయాయి, అందులో మావాళ్లవే ఎక్కువ, గెలుపు ఖాయం అంటారు. గంట తిరగకుండా న్యూజెర్సీ వదినగారు అదే పట్టిక పెట్టి, సరిగ్గా ఎదురు అర్థం చెబుతారు. చూస్తే అంకెలు ఇద్దరివీ ఒకటే. అసలు పోలింగ్ రోజుకు ఇంకా రెండు వారాలుంది. ఎవరిని నమ్మాలండీ? తీరిగ్గా కూర్చోండి, కాస్త మాట్లాడుకుందాం.

మనకేమో పోలింగ్ అంటే ఒక్క రోజు సంబరం. సెలవిస్తారు, హైదరాబాద్ నుంచి ఊళ్లకు బస్సులు కిక్కిరిసిపోతాయి, సాయంత్రానికి వేలికి సిరాచుక్క చూపిస్తూ ఫొటోలు. అమెరికాలో పోలింగ్ మంగళవారం. నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారమని 1845లో చట్టం చేశారు, ఇప్పటికీ అదే. చాలామందికి ఆ రోజు ఆఫీసు ఉంటుంది. అందుకని రాష్ట్రాలు ఒక్కొక్కటీ ముందస్తు ఓటుకు తలుపులు తెరిచాయి. మిన్నెసోటా, వర్జీనియాల్లో సెప్టెంబరులోనే వెళ్లి వేసి రావచ్చు. టెక్సస్‌లో అక్టోబరు రెండో సగంలో మొదలవుతుంది. ఒరెగాన్, వాషింగ్టన్, కొలరాడోల్లో ఓటర్లందరికీ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం, ఒకే పద్ధతి అన్న మాట అక్కడ లేదు.

ఇక్కడో కిటుకుంది. ముందే పడ్డ ఓట్ల ఫలితాన్ని పోలింగ్ ముగిసేదాకా బయటపెట్టరు. కానీ ఎవరు వచ్చి ఓటేసి వెళ్లారన్నది మాత్రం రోజూ చెబుతారు. మన బూత్ ఏజెంటు ఓటర్ల జాబితాలో పేర్లు కొట్టుకుంటూ ‘మనవాళ్లు ఇంకా అరవైమంది రావాలి’ అంటాడు చూడండి, ఆ లెక్క అక్కడ వారాల తరబడి, అందరి కళ్లముందూ నడుస్తుంది. పైగా నెవాడా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో ఓటరుగా నమోదయ్యేటప్పుడే ఏ పార్టీవాళ్లో రాసుకోవచ్చు. అందుకే ‘డెమొక్రాట్లు ఇంతమంది, రిపబ్లికన్లు ఇంతమంది వచ్చారు’ అని పట్టికలు వస్తాయి. జార్జియా, టెక్సస్‌లలో ఆ నమోదే లేదు. అక్కడి పార్టీల లెక్క ఎవరు చూపించినా అది ఊహ కిందే జమ. డెమొక్రాట్‌గా రాయించుకున్నాయన లోపల ఎవరికి గుద్దాడన్నది ఏ రాష్ట్రంలోనూ ఎవరికీ తెలియదు.

ఈ విద్యలో పేరు మోసినాయన జాన్ రాల్‌స్టన్ అని, నెవాడాలో పాత్రికేయుడు. ఆ రాష్ట్రంలో ప్రతి పదిమంది ఓటర్లలో సుమారు ఏడుగురు లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలోనే ఉంటారు. 2016లో అక్కడ ముందస్తు ఓట్లలో డెమొక్రాట్లు 70 వేలకు పైగా ముందున్నారని చూసి, హిల్లరీ క్లింటన్ గెలుస్తారని ఆయన చెప్పాడు. ట్రంప్ అధ్యక్షుడిగా గెలిచిన ఆ రాత్రి నెవాడాను ఆవిడ 27 వేల ఓట్లతో నిలబెట్టుకున్నారు. ఇంకేం, రాల్‌స్టన్ పేరు మారుమోగింది.

మరి అదే ఏడు, అదే లెక్క ఫ్లోరిడాలో ఏమైంది? అక్కడా ముందస్తు ఓట్లలో డెమొక్రాట్లదే పైచేయి. పోలింగ్ రోజున రిపబ్లికన్లు బారులు తీరి వచ్చారు, రాష్ట్రం ట్రంప్‌కు లక్షకు పైగా ఓట్ల తేడాతో దక్కింది. 2020లోనూ ఫ్లోరిడాలో ముందస్తు లెక్కలో డెమొక్రాట్లు లక్షకు పైగా ముందున్నారు. ఫలితం చూస్తే ట్రంప్ 3.7 లక్షల ఓట్లతో గెలిచారు. ఇలాంటివి చూశాకైనా జనం పట్టికలు మానేశారా అంటే, అబ్బే!

2020 సంగతి మరీ విచిత్రం. కోవిడ్ భయంతో పది కోట్ల మందికి పైగా ముందే ఓటేశారు. అటు ట్రంప్ పోస్టు ఓట్లలో మోసముందని ఊరూరా చెప్పడంతో ఆయన అభిమానులు చాలామంది పోలింగ్ రోజుకే ఆగారు. అంటే అప్పుడు ఎవరెప్పుడు ఓటేస్తారన్నదే ఒక పార్టీ గుర్తయిపోయింది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పోస్టు కవర్లను పోలింగ్ రోజు ఉదయం ఏడింటిదాకా తెరవకూడదు. దాంతో ముందు బూత్ ఓట్ల లెక్కే తేలింది. తెల్లారేసరికి ట్రంప్ ఆరు లక్షలకు పైగా ఆధిక్యంలో ఉన్నారు. తర్వాత కవర్లు విప్పుతున్న కొద్దీ అది కరిగిపోయింది, శనివారానికి బైడెన్ గెలిచారని టీవీలు చెప్పాయి. చివరి తేడా 80 వేలు. ఓటు ఒక్కటీ మారలేదు, లెక్కపెట్టిన వరస అలాంటిది, అంతే. ఆ వరస అర్థంకాని వాళ్లకు రాత్రికి రాత్రి ఏదో జరిగిపోయిందన్న అనుమానం మిగిలింది.

2024కి కథ మళ్లీ తిరగబడింది. ఈసారి రిపబ్లికన్ పార్టీయే ‘ముందే వేసెయ్యండి’ అని ప్రచారం చేసింది. జార్జియాలో మొదటి రోజే మూడు లక్షల పైచిలుకు ఓట్లు పడి పాత రికార్డు రెట్టింపుకు పైగా దాటిపోయింది. రికార్డు చూసి ఇరుపక్షాలవాళ్లూ మీసం మెలేశారు. మనవాళ్ల ఉత్సాహం మామూలుగా లేదు మరి. ట్రంప్‌తో కలిసి ఉపాధ్యక్ష పదవికి నిలిచిన జేడీ వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు, అటు డెమొక్రాట్ అభ్యర్థి కమలా హారిస్ తల్లి తమిళావిడ. ఏ అభ్యర్థిని చూసినా ఏదో వరస కలుపుకోవచ్చు! (ఇంత హడావుడిలో చాలామంది ఇళ్లలో ఓటున్నది ఒకరిద్దరికే. హెచ్1బి మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు, పౌరసత్వం రావాలి.) మళ్లీ లెక్కల దగ్గరికొస్తే, నెవాడాలో ముందస్తు ఓట్లలో ఈసారి రిపబ్లికన్లు ముందున్నారు. అయినా ఏ పార్టీకీ చెందని ఓటర్లు, ఆలస్యంగా అందే పోస్టు ఓట్లు కలిసి హారిస్‌ను అర శాతం లోపు తేడాతో గట్టెక్కిస్తాయని రాల్‌స్టన్ జోస్యం చెప్పాడు. ట్రంప్ మూడు శాతం తేడాతో గెలిచారు. 2004 తర్వాత నెవాడా రిపబ్లికన్ల వైపు వెళ్లడం అదే మొదలు. రాష్ట్రాన్ని అరచేతిలా ఎరిగినవాడికే లెక్క తప్పింది చూశారా!

ఎందుకిలా అంటే, పెళ్లిభోజనాల్లో మొదటి బంతి చూసి మొత్తం అతిథుల్ని లెక్కగట్టినట్టే ఇది. తొలి బంతి నిండిపోయిందంటే జనం ఎక్కువొచ్చారని కావచ్చు, లేదా అందరికీ ఒకేసారి ఆకలేసిందనీ కావచ్చు. ముందు కూర్చున్నవాళ్లు తర్వాతి బంతిలో కూర్చోరు కదా. ఎప్పుడూ మంగళవారం వచ్చే ఓటరు ఈసారి పది రోజులు ముందొస్తే, ముందు రికార్డు పెరుగుతుంది, ఆ మంగళవారం అంతే తగ్గుతుంది, మొత్తంలో చిన్నమెత్తు తేడా రాదు. అసలు కొత్తగా వచ్చిన ఓటరెవరు, రోజు మార్చుకున్న పాత ఓటరెవరు అన్నది ఆ పట్టిక చెప్పదు. ముందస్తు ఓటు పెడితే చాలు ఓటింగ్ పెరిగి తీరుతుందన్న నమ్మకమూ అంత గట్టిది కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆచార్యులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ముందస్తు ఓటింగ్ ఒక్కటే పెడితే పోలింగ్ కాస్త తగ్గుతుందని తేలింది. ఒక్క రోజు పండగలో ఉండే ఊపు నెల రోజులకు పలచబడిపోతుందన్నది వాళ్లు చెప్పిన కారణం.

మరి ఈ లెక్కలు ఎవరికీ అక్కర్లేదా? పార్టీలకు అక్కరేమిటి, ప్రాణమే. మీరు ఓటేశారని తెలిసిన మర్నాడు మీకు ఫోన్లు ఆగిపోతాయి. ఆ కార్యకర్త, ఆ డబ్బు ఇంకా కదలనివాళ్ల ఇంటికి మళ్లుతాయి. పట్టిక వాళ్లకు పనిముట్టు, మనకేమో కాలక్షేపం.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మనకు ముందస్తు ఓటు లేకపోయినా గంటగంటకూ వచ్చే పోలింగ్ శాతం ఉందిగా. ‘ఉదయమే ఆడవాళ్లు బారులు తీరారు’ అనగానే రెండు పార్టీలూ ఆ ఓట్లు తమవేనంటాయి. ఇక శాతం పెరిగితే ప్రభుత్వం పోతుందన్న సూత్రం అరుగుల మీద అందరికీ కంఠతా వచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 80 శాతం దగ్గర పోలైంది, ప్రభుత్వం పోయింది. 2024లో పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 82 శాతానికి చేరింది, మళ్లీ ప్రభుత్వం పోయింది. సూత్రం దిట్టంగానే ఉంది అనుకుంటాం. పక్కనే తెలంగాణకు రండి. 2018లో 73 శాతం పోలైతే అధికారంలో ఉన్న టీఆర్‌ఎస్ 88 సీట్లతో తిరిగొచ్చింది. 2023లో శాతం 71కి తగ్గింది, అప్పుడు ప్రభుత్వం పోయింది. త్రిపురలో 2013లో 90 శాతానికి పైగా ఓటర్లు ఓటేసి పాలిస్తున్న వామపక్షాన్నే మళ్లీ కూర్చోబెట్టారు, 2018లో అంతకన్నా తక్కువ శాతం మంది వచ్చి దించేశారు. ఇక లెక్కింపు రోజు ఉదయం ఎనిమిదింటికి ముందు విప్పేది పోస్టల్ బ్యాలెట్లే. ఈవీఎం తెరవకముందే టీవీలో ‘ముందంజ’ అని ఎర్రగీతలు పరిగెడతాయి. ఆ గుప్పెడు ఉద్యోగుల ఓట్లు చూసి టపాకాయలు బయటికి తీసేవాళ్లూ ఉన్నారు.

కనుక ఈసారి బావగారు పట్టిక పంపితే గొడవ పెట్టుకోకండి. కిందటిసారి ఇదే రోజుకు ఎవరెంత ముందున్నారు, చివరకు ఎవరు గెలిచారు అని అడగండి. ఇప్పుడు ముందే వేసినవాళ్లలో కిందటిసారి అసలు ఓటే వెయ్యనివాళ్లు ఎంతమంది అని కూడా అడగండి. ఈ రెండింటికీ జవాబుంటే పట్టికను కొంచెం పట్టించుకోవచ్చు, లేకపోతే గుడ్ మార్నింగ్ మెసేజ్‌తో సమానం. ఇక మావాళ్లు ఎటూ గెలుస్తున్నారని ఒకరు, ఎలాగూ ఓడిపోతున్నారని ఒకరు ఇంట్లో కూర్చుంటే మాత్రం నష్టమే. లెక్కలు ఎవరివైనా కానివ్వండి, మీ ఓటు మాత్రం మీరు వెళ్లి వేసిరండి.