చచ్చిన జీవం వంటింటికి రాకూడదు

మా పక్క తిట్లలో "దొమ్మ తగల" అనేది ఒకటుంది. పాలు పితికేటప్పుడు ఎనుము కాలు ఆడించినా, మేక పోయి ఎవరి చేన్లోనో పడినా మా అత్తమ్మ నోట్లోంచి ముందు ఆ మాటే వస్తుంది. నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో, బట్టల అంగళ్ల మధ్య. గండికోట కింద ఈ ఊరికి కోడలిగా వచ్చాకే జీవాల మధ్య బతకడం మొదలైంది. ఆ తిట్టు వెనక నిజంగానే ఒక రోగం ఉందని అప్పుడే తెలిసింది.

పోయిన ఏడు మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షకు చదువుతూ విపత్తుల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వరదలు, భూకంపాలు అయిపోయి జీవాయుధాల పాఠం వచ్చింది. మశూచి, ప్లేగు, ఆంత్రాక్స్ అని గట్టిగా చదువుకుంటూ, "మా, ఆంత్రాక్స్ అంటే తెలుగులో దొమ్మ రోగం అంట" అంది. చేటలో కందులు చెరుగుతున్న అత్తమ్మ తల ఎత్తింది.

"దానికి పుస్తకమెందుకే, నన్నడగరాదా? సాయంత్రం బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి కాళ్లు చాపుకోని ఉంటాది. కడుపు ఉబ్బుతాది. ముక్కులో, ఎనకమాల నల్ల నెత్తురు కారుతాది. ఆ నెత్తురు గడ్డ కట్టదు. దాన్ని కోయగూడదు, తాకగూడదు."

అమ్మాయి పుస్తకంలో వేలు పెట్టి ఒక్కొక్క లక్షణం సరిచూసుకుంది. ఒక్కటీ తప్పు లేదు. "జేజీ, నిన్ను పరీక్షకు పంపిస్తే పోతుండె" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత పెద్ద దేశాలు ఉక్కు తలుపుల వెనక దాచిపెట్టుకునే వస్తువు, మా జీవాలు మేసే బీడులో ఊరకే పడి ఉండగలదా అని ఆ రోజంతా అదే ఆలోచన.

2001లో అమెరికాలో జంట భవనాలు కూలిన వారానికి పోస్టులో కవర్లు వచ్చాయి కదా, గుర్తుందా? టీవీ వాళ్లకు, పత్రికల వాళ్లకు, సెనేటర్లకు. లోపల పొడి. 22 మందికి జబ్బు చేసి 5 మంది చనిపోయారు. ఆ 5 మందిలో కవర్లు అందుకున్న పెద్ద మనుషులు ఒక్కరూ లేరు. ఇద్దరు తపాలా ఉద్యోగులు. ఒకామె 94 ఏళ్ల ముసలమ్మ, కనెక్టికట్‌లో ఒంటరిగా ఉండేది. ఆమె ఇంట్లో ఎంత వెతికినా పొడి దొరకలేదు. విషం కవరు వెళ్లిన యంత్రంలోంచే ఆమె ఉత్తరాలు కూడా వెళ్లి ఉంటాయని అనుకున్నారు. ఆ రోజుల్లో మన దేశంలో కూడా తెల్లటి పొడి కనబడితే చాలు, జనం ఉలిక్కిపడేవాళ్లు. చివరికి ఆ పొడి ఏ పరాయి దేశం నుంచో రాలేదని తేల్చారు. అమెరికా సైన్యం సొంత పరిశోధనశాలలో, ఇలాంటి రోగాల నుంచి జనాన్ని కాపాడడానికే పనిచేస్తున్న శాస్త్రవేత్త మీద నేరం మోపబోయారు. మోపేలోపు 2008లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇంకో కథ చదివాక నాకు నిద్ర పట్టలేదు. 1979లో రష్యాలో స్వెర్ద్‌లోవ్‌స్క్ అనే ఊర్లో సైన్యం వాళ్ల కర్మాగారం నుంచి ఆంత్రాక్స్ గాలిలోకి పోయింది. గొట్టానికి ఉండాల్సిన జల్లెడ లేకపోవడమే కారణం. గాలి వీచిన దిక్కున కనీసం 66 మంది చనిపోయారు, దూరంగా ఉన్న పల్లెల్లో గొర్లు చచ్చాయి. ప్రభుత్వం ఏం చెప్పిందో తెలుసా? జబ్బు చేసిన పశువుల మాంసం కొనుక్కుని తిన్నందుకే చచ్చారని! అంటే తప్పంతా వంటింటి మీదికి తోసేశారు. అసలు సంగతి ఒప్పుకోవడానికి 1992 దాకా పట్టింది.

ఆ అబద్ధాన్ని జనం అన్నేళ్లు ఎందుకు నమ్మారంటే, అది జరగగలిగేదే కాబట్టి. మన చిత్తూరు జిల్లాలో ముసలిమడుగు అనే ఊర్లో 2011 జూలై, ఆగస్టు నెలల్లో అదే జరిగింది. చచ్చిన గొర్రెల్ని కోసి, మాంసం ముట్టుకున్న వాళ్లకు చర్మం మీద ఆంత్రాక్స్ పుండ్లు లేచాయి. అక్కడ శత్రు దేశం లేదు, కవరు లేదు. ఒక పల్లె, కొన్ని గొర్లు, కత్తిపీటలు. విశాఖ మన్యంలో కూడా ఇట్లాంటివి చాలాసార్లు జరిగాయి.

ఈ రోగం చేసే మోసం మట్టిలో ఉంది. జీవం ఒంట్లో ఉన్నంతసేపు ఆ క్రిమి మామూలు క్రిమే. చచ్చిన జీవాన్ని కోశామంటే, నెత్తురు బయటికి వచ్చి గాలి తగిలిందంటే, అది గట్టి పెంకు కట్టుకుని గింజ మాదిరిగా అయిపోతుంది. ఎండకు చావదు, వానకు చావదు, పదుల ఏళ్లు మట్టిలో అట్లే పడి ఉంటుంది. స్కాట్లండ్ పక్కన గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో 1942లో బ్రిటిష్ వాళ్లు దీన్ని బాంబుల్లో పెట్టి పరీక్ష చేశారు. ఎవరి మీద? కట్టేసిన గొర్రెల మీద. పాపం, రోజుల్లోనే చచ్చిపోయాయి. ఆ తర్వాత దీవిలో మనిషి అడుగు పెట్టకుండా నిషేధం. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీళ్లలో కలిపి నేలంతా తడిపారు. మళ్లీ ఒక మందను అక్కడ మేపి, ఏమీ కాలేదని చూసి, 1990లో దీవి మంచిదైందని చెప్పారు. 48 ఏళ్లు! దీవి కాబట్టి తాళం వేసినట్టు వదిలేశారు. మన బీడు భూములకు తాళం ఎవరు వేస్తారు?

ఎండాకాలం గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు గొర్రె మూతి నేలకు ఆనించి, మట్టితో సహా కొరుకుతుంది. తొలకరికి అడుగు మట్టి పైకి తేలుతుంది. అందుకే వానలకు ముందే ఈ రోగం వచ్చే ఊర్లలో ఏటా టీకా వేయించాలని పశువుల డాక్టర్లు మొత్తుకుంటారు. గొర్రెల్లో ఈ టీకా పనిచేస్తుందని పాశ్చర్ 1881లోనే ఊరందరి ముందు చేసి చూపించాడు. టీకా వేసినవి నిలబడ్డాయి, వేయనివి పడిపోయాయి. ఇంత పాత మందు, అయినా మా పక్క టీకా అనేసరికి "గొర్రె డస్సిపోతాది, ఈ నెల వద్దులే" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా చదివినాక నెల తిరక్కుండానే మా ఇంట్లో పంచాయితీ వచ్చింది. మా చిన్న మరిదికి అరవై దాకా జీవాలు ఉన్నాయి. తొలి వానకు పచ్చిక లేచిన వారంలో, ఒక తెల్లవారి దొడ్డిలో రెండు పొట్టేళ్లు చచ్చి ఉన్నాయి. ముందు రోజు దూకులాడినవే. ఒకదాని ముక్కు దగ్గర ఎర్రటి తడి. రెండు పొట్టేళ్లంటే ఎంత డబ్బో పల్లెలో ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికే ఇద్దరు వచ్చి నిలబడ్డారు, సగం ధరకు తీసుకుంటామని. పోగులు పెట్టి అమ్మితే మధ్యాహ్నానికి అయిపోతుంది. "వదినా, బాగా ఉడికిస్తే ఏ పురుగైనా సస్తాది" అన్నాడు మరిది. అతన్ని నేను తప్పు పట్టను. ఆ డబ్బుతోనే పిల్లోడి కాలేజీ ఫీజు కట్టాలి.

కానీ ఉడికించేది ఎవరు? ఉడికే ముందు దాన్ని కడిగేది, కోసేది, తలకాయ కాల్చేది, పేగులు తిప్పి కడిగేది ఎవరు? మన చేతులే. ఆ చేతికి కత్తి గీటు ఒక్కటి ఉన్నా చాలు. ఆ క్రిమి గింజలు మామూలు ఉడుకుకు చస్తాయన్న నమ్మకం కూడా లేదు. పుండు మొదట చీమ కుట్టినట్టే ఉంటుంది, దురద పెడుతుంది. తర్వాత నీటి పొక్కు, ఆ తర్వాత నడిమధ్యలో బొగ్గు లాంటి నల్ల పొక్కు. ఆంత్రాక్స్ అనే మాటకు గ్రీకులో బొగ్గు అనే అర్థమట. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని మనం పసుపు అద్దుకుని పనిలో పడిపోతాం, అదే ప్రమాదం. తొందరగా చూపించుకుంటే యాంటీబయాటిక్స్‌తో దాదాపు అందరికీ నయమవుతుంది. వదిలేస్తే చర్మం మీద వచ్చినదానిలో కూడా నూటికి ఇరవై మంది దాకా పోతారు. కడుపులోకో, ఊపిరితిత్తుల్లోకో పోతే చెప్పనే వద్దు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "చచ్చిన గొర్రెను ముట్టుకున్నాను" అని మనమే చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగకూడదు.

నేను ఇవన్నీ చెప్పేలోపే అత్తమ్మ దొడ్డి వాకిట్లో మంచం అడ్డం వేసుకుని కూర్చుంది. "రేయ్ నాయనా, మీ నాయన కాలం నుంచి సచ్చిన జీవం ఈ గడప దాటలా. ఇప్పుడు దాటాలంటే నన్ను దాటి పోండి." కొనడానికి వచ్చిన ఇద్దరూ గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

మా అమ్మాయి 1962కు ఫోన్ చేసింది. పశువుల అంబులెన్సు నంబరు అది, ఫోన్లో పెట్టుకోండి. వచ్చిన డాక్టరు పొట్ట కోయనే లేదు. గ్లౌజులు వేసుకుని చెవి దగ్గర ఒక్క చుక్క నెత్తురు గాజు పలకల మీదికి తీసుకున్నాడు. దొమ్మ అనుమానం ఉంటే పోస్టుమార్టం చేయకూడదట, కోస్తే మనమే విత్తనాలు చల్లినట్టు. ఆరడుగుల గుంత తీసి, సున్నం పోసి, రెండింటినీ పూడ్చమన్నాడు. కుక్కలు తవ్వకుండా పైన కంపలు, రాళ్లు వేశాం. గుంత తీసిన మనుషుల కూలి, సున్నం ఖర్చు మళ్లీ మరిది మీదే పడింది.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. దొమ్మ కాదు. చిటుకు రోగం. పచ్చి గడ్డి ఎక్కువగా తిన్నప్పుడు చిటికెలో చంపేస్తుంది కాబట్టి ఆ పేరు. దానికీ టీకా ఉంది.

ఇక చూడండి మాటలు. "ముసలామె మాటకు ముప్పై కిలోల చియ్యలు మట్టిపాలు చేసినారు" అని బావి కాడ, పాల కేంద్రం కాడ అవే మాటలు. మా తోటికోడలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా లెక్క మాత్రం వేరే. దొమ్మ కాదని తెలిసింది పలక మీద నెత్తురు చూశాక. పొద్దున ఆరు గంటలకు దొడ్డిలో నిలబడినప్పుడు ఎవరికీ తెలియదు. రోగం రాకుండా ఆపిన రోజు ఏమీ జరగనట్టే ఉంటుంది, కాబట్టి దానికి పొగడ్త ఉండదు, నష్టం మాత్రం కంటికి కనబడుతుంది. జీవాయుధాలు చేయకూడదని 1972లో చాలా దేశాలు ఒప్పందం రాసుకున్నాయి, మన దేశమూ చేరింది. 2008లో మన జాతీయ విపత్తు సంస్థ ఇట్లాంటి ఆపదలకు పెద్ద మార్గదర్శకాల పుస్తకం కూడా వేసింది. మంచిదే. అయితే చచ్చిన గొర్రెను పూడ్చినవాడికి ఆ రోజే చేతిలో ఏదో ఒకటి పెడితే, అన్ని పుస్తకాలకంటే ఎక్కువ పని జరుగుతుందని నా అభిప్రాయం. నష్టమంతా అతని నెత్తిన వేసి "అమ్మొద్దు" అంటే ఎన్నిసార్లు వింటాడు?

మేమైతే మరిది నష్టంలో సగం పంచుకున్నాం. ఆ తర్వాతే తోటికోడలు మాట కలిపింది.

అత్తమ్మ బెంగ ఇంకొకటి. ఆమె కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఎప్పుడో దొమ్మ వచ్చి మంద సగం పోయిందట. వాటిని పూడ్చిన చోటు ఆమెకు తెలుసు. వంకకు ఈ పక్క రెండు రేగు చెట్లు, ఒక పగిలిన బండ. అటు వైపు జీవాల్ని తోలకూడదని ఊర్లో పాతవాళ్లందరికీ తెలుసు, కుర్రవాళ్లకు తెలియదు. గండికోట జలాశయం నిండినాక కొండాపురం పక్క ఎన్నో ఊర్లు లేచిపోయాయి. వాళ్ల జీవాలు ఇప్పుడు ముక్కూమొహం తెలియని బీళ్లలో మేస్తున్నాయి. ఎక్కడ ఏం పూడ్చారో చెప్పే ముసలమ్మలు ఒక చోట, మంద ఒక చోట.

మొన్న ఆమెను ఆటోలో తీసుకుపోయి ఆ వంక చూపించుకున్నాం. రేగు చెట్లలో ఒకటే మిగిలింది. మా అమ్మాయి ఫోన్లో మ్యాపు తెరిచి, ఆ చోట గుర్తు పెట్టి, దొమ్మ గుంత అని పేరు రాసి, మరిదికీ ఊర్లో జీవాలున్న ఇంకో పది మందికీ పంపింది. ఇంకా రెండు చోట్లు ఉన్నాయట, అవి అత్తమ్మ చెల్లెలికి తెలుసు. ఆమె ఇప్పుడు కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంది, చూపు సరిగా ఆనడం లేదు. ఈ ఆదివారం పోయి అడిగి రావాలి.